హైదరాబాద్–విశాఖ విమానం: నాలుగేళ్లు తిరిగాక నా లెక్క

టికెట్ మీద గంటా పదిహేను నిమిషాలని ఉంటుంది. గాల్లో ఉండేది గంటలోపే. శంషాబాద్ నుంచి విశాఖ విమానాశ్రయానికి తిన్నగా కొలిస్తే దాదాపు 510 కిలోమీటర్లు. నాలుగేళ్లుగా నెలకోసారి వెళ్తున్నా నాకు ఈ ప్రయాణం మీద మోజు తీరలేదు. పొద్దున మొదటి విమానంలో కుడివైపు కిటికీ సీటుకి అదనంగా డబ్బు కట్టి మరీ కూర్చుంటాను. మబ్బు లేని రోజున, బయల్దేరిన అరగంట దాటాక, పాపికొండల సందుల్లోంచి గోదావరి మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది.

అసలు సంగతి మా నాన్న. ఆయనకి గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి నెలనెలా చెకప్. తొమ్మిదింటికల్లా గాజువాక చేరి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లి, మళ్లీ రాత్రికి కూకట్‌పల్లిలో పిల్లల దగ్గర ఉంటున్నానంటే ఈ విమానం చలవే.

కిందటి మే నెలలో ఒక్కసారి మాత్రం బాగా ఇబ్బంది పడ్డాను. సాయంత్రం తిరుగు ప్రయాణం. ఇంకో పది నిమిషాల్లో దిగుతామనగా శంషాబాద్ మీద గాలివాన. గాల్లోనే చక్కర్లు మొదలయ్యాయి. మబ్బుల మధ్య ఔటర్ రింగ్ రోడ్డు దీపాలు అదే కిటికీలోంచి మూడుసార్లు కనిపించాయి. పక్క సీటు పెద్దావిడ ప్రతిసారీ "వచ్చేశామా బాబూ?" అని అడిగింది. ముప్పావు గంట తర్వాత విమానాన్ని గన్నవరం మళ్లించారు, అంటే 250 కిలోమీటర్ల పైచిలుకు వెనక్కి. పైలట్ చేసింది ముమ్మాటికీ సరైన పనే. కానీ అక్కడ రెండు గంటలు సీట్లలోనే కూర్చోబెట్టి, మళ్లీ ఎప్పుడు బయల్దేరతామో ఎవరూ చెప్పలేదు. అమ్మ ఫోన్ చేసి "ఇల్లు చేరావురా?" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఇంటికొచ్చేసరికి రెండు దాటింది. విశాఖలో ఇంటి గుమ్మం దిగి అప్పటికి పది గంటలు.

ఆ రాత్రి నుంచి లెక్క మార్చుకున్నాను. మామూలు రోజున కూడా శంషాబాద్ విమానాశ్రయానికి తిరిగే పుష్పక్ బస్సు, సెక్యూరిటీ, గేటు దగ్గర పడిగాపులు కలిపితే గుమ్మం నుంచి గుమ్మానికి నాలుగున్నర గంటలు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి పన్నెండు గంటల పైనే పడుతుంది, కానీ అందులో సగానికి పైగా నిద్ర. రైలు దండగని స్నేహితులకి చాలాసార్లు చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

వెళ్లేటప్పుడు పొద్దుటి విమానం కళ్లు మూసుకుని ఎక్కొచ్చు. ఏప్రిల్, మే సాయంత్రాలు మాత్రం నేను రైలుకే వస్తున్నాను. ఇదంతా గాజువాక నుంచి విమానాశ్రయం ఇరవై నిమిషాల్లో ఉన్న నాలాంటివాడి మాట. ఊరికి అవతలి చివరనున్న మధురవాడ వాళ్ల లెక్క వేరు. విమానాలు భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మారితే మా ఇంటి నుంచి ఊరు మొత్తం దాటి వెళ్లాలి. అప్పుడు నాన్నని చూసి అదే రోజు రాత్రికి ఇల్లు చేరడం కుదురుతుందో లేదో ఒకసారి వెళ్లి చూడాలి.