సాల్వెంట్ ఏరియాలో ఏ లైటు: ఫ్లేమ్‌ప్రూఫా, ఇంక్రీజ్డ్ సేఫ్టీయా?

బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో టోలుయిన్, మెథనాల్ లాంటి సాల్వెంట్ల డ్రమ్ములు తెరిచే చోటు సాధారణంగా జోన్ 1, అంటే మామూలు పనిలోనే మండే ఆవిరి అప్పుడప్పుడు గాలిలో చేరే చోటు. అక్కడ రెండు రకాలూ వాడొచ్చు.

ఫ్లేమ్‌ప్రూఫ్ లైటులోకి ఆవిరి చేరి అంటుకున్నా మందపాటి అల్యూమినియం పెట్టె ఆ పేలుడును తట్టుకుంటుంది. మూత అంచుల మధ్య సన్నని సందులోంచి వచ్చే మంట బయటపడేలోపే చల్లారుతుంది. అందుకే ఆ అంచులకు రంగు వేయకూడదు, గీత పడనివ్వకూడదు. రిపేరు చేసి రెండు బోల్టులు బిగించకుండా నిచ్చెన దిగేస్తే, ఇక ఆ పెట్టెకు రక్షణే లేదు. ఇది మాత్రం దయచేసి ఎవరూ చేయకండి.

ఇంక్రీజ్డ్ సేఫ్టీలో అసలు నిప్పురవ్వే పుట్టకుండా, మితిమీరి వేడెక్కకుండా చూస్తారు. తేలిక, బిగించడం సులువు; కానీ వైరు బిగించే టెర్మినల్ లూజైతే ముప్పు.

తరచూ కడిగే చోట, తుప్పు పట్టే చోట నేనైతే ఇంక్రీజ్డ్ సేఫ్టీ ఎల్‌ఈడీకే మొగ్గుతాను. ఏది కొన్నా పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి, టీ4 అంటే లైటు ఉపరితలం 135 డిగ్రీల సెల్సియస్ దాటకూడదనే పరిమితి, హైడ్రోజన్ ఉంటే దానికి సరిపడే గ్యాస్ గ్రూపు టూసీ (IIC) చూసుకోవాలి.