జాగ్రత్త: సముద్రాన్ని చూపించి అద్దెకిచ్చే ఆఫీసును, దాని నియమావళి చదవకుండా తీసుకోకండి

విశాఖపట్నంలో ఋషికొండ వైపు, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక అద్దాల భవనంలో మూడో అంతస్తును మా సంస్థ అయిదేళ్ల లీజుకు తీసుకుని, పద్నాలుగు నెలలకే ఖాళీ చేసి, డిపాజిట్టు మొత్తం వదులుకుని బయటపడింది. భవనం పేరు, యజమాని పేరు ఇక్కడ రాయడం లేదు; వ్యవహారం కాగితాల మీద ముగిసింది, ఎవరినీ బజారుకీడ్చే ఉద్దేశం మాకు లేదు. అయితే ముప్ఫై నలభై మంది పనిచేసే చిన్న సంస్థలు మధురవాడ, ఎండాడ, ఋషికొండ ప్రాంతాల్లో స్థలాలు వెతుక్కుంటున్న సంగతి తెలుసు కనుక, మా పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పడం అవసరమనిపించింది. అది అద్దె దగ్గర జరగలేదు. మా పని ఎలా సాగుతుందో, ఆ భవనం ఎలా నడుస్తుందో ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోకపోవడం దగ్గర జరిగింది.

మాది ఉక్కు కట్టడాలకు డ్రాయింగులు తయారుచేసే సంస్థ. ముప్ఫై నాలుగు మందిమి. తొమ్మిదేళ్ల పాటు సీతమ్మధారలో ఒక పాత మేడ పై అంతస్తులో పనిచేశాము. లిఫ్టు లేదు, కార్లు పెట్టుకునే చోటు లేదు, గట్టి వాన కురిస్తే ఒక మూల కారేది. కానీ హాలు మధ్యలో ఒక పెద్ద బల్ల ఉండేది. దాని మీద డ్రాయింగులు పరిచి నలుగురు చుట్టూ నిలబడి, ఎర్ర పెన్నుతో తప్పులు గుర్తిస్తూ వాదించుకునేవారు. మధ్యాహ్నం ఒంటిగంటకు అదే బల్ల మీద క్యారేజీలు విప్పి అందరమూ కలిసి భోజనం చేసేవాళ్లం. ఆటోనగర్ నుంచి ఫ్యాబ్రికేషన్ షాపుల వాళ్లు చేతిలో చుట్టిన డ్రాయింగుతో, ముందుగా చెప్పకుండానే మెట్లెక్కి వచ్చి, ఫలానా ప్లేటుకు రంధ్రం ఎక్కడ పడాలో అడిగి, టీ తాగి వెళ్లేవారు. విదేశీ క్లయింట్లతో మాట్లాడాల్సిన పని రాత్రి తొమ్మిదిన్నర దాకా సాగేది. దీన్నంతటినీ పని సంస్కృతి అంటారని మాకు అప్పట్లో తోచలేదు. అది పోయాక తెలిసింది.

స్థలం చూపించిన బ్రోకరు మమ్మల్ని మూడుసార్లు తీసుకెళ్లాడు, మూడుసార్లూ సాయంత్రం నాలుగు గంటలకే. ఆ వేళకు ఎండ భవనం వెనక్కి పోతుంది. హాలు చల్లగా ఉంటుంది, అద్దంలోంచి సముద్రం నీలంగా పరుచుకుని కనిపిస్తుంది. మా భాగస్వామి ఒకరు అక్కడే నిలబడి, క్లయింట్లను ఇక్కడికి పిలిస్తే చాలు, సగం పని అయిపోయినట్టేనన్నారు. నేనూ తల ఊపాను. పైన పటారం, లోన లొటారం అని ఆ భవనాన్ని నిందించడానికి లేదు. కట్టడం మంచిదే, లిఫ్టులు బాగా పనిచేస్తాయి, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. అది మాలాంటి వాళ్ల కోసం కట్టింది కాదు, అంతే.

లెక్కల సంగతి క్లుప్తంగా చెబుతాను. అద్దె చదరపు అడుగుకు 46 రూపాయలన్నారు, అది సూపర్ బిల్టప్ లెక్క, అంటే మెట్లు, లిఫ్టుల వంటి ఉమ్మడి స్థలంలో మా వంతును కూడా కలిపిన లెక్క. కాగితం మీద 3,600 చదరపు అడుగులు. దిగిన తర్వాత టేపుతో కొలిస్తే గోడల లోపల మాకు దక్కింది 2,230. అంటే మేము వాడుకునే ప్రతి అడుగుకు నిజంగా చెల్లించింది 74 రూపాయలు. దాని మీద మెయింటెనెన్సు 9 రూపాయలు, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. ఇందులో మోసమేమీ లేదు, సూపర్ బిల్టప్ అన్న మాట ఒప్పందంలో స్పష్టంగానే ఉంది. కానీ పెద్ద బల్ల వేస్తే నడవడానికి దారి మిగలలేదు. దాన్ని గోడకు చేర్చాము, గోడకు చేర్చిన బల్ల చుట్టూ నలుగురు నిలబడలేరు.

అసలు హెచ్చరించవలసిన విషయం ఇప్పుడు వస్తుంది. మా లీజు పత్రం పందొమ్మిది పేజీలు. పద్నాలుగో పేజీలో ఒక్క వాక్యం ఉంది: భవన నిర్వాహకులు ఎప్పటికప్పుడు జారీచేసే నియమావళికి అద్దెదారు కట్టుబడి ఉండవలెను. మా న్యాయవాది యాజమాన్య హక్కు పత్రాలు, ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు ఏమున్నాయో చూపే పత్రం), లాక్-ఇన్ గడువు (ఆలోపు ఖాళీ చేసినా అద్దె కట్టాల్సిన కాలం) అన్నీ జాగ్రత్తగా చూశారు. ఇరవై నాలుగు నెలల లాక్-ఇన్ ఎక్కువని కూడా అన్నారు. రెండేళ్లలో ఎక్కడికి పోతామండీ అని మేమే కొట్టిపారేశాము. ఆ నియమావళి ఏదీ, చూపించండి అని మాత్రం ఆయనా అడగలేదు, మేమూ అడగలేదు. తాళంచెవులు ఇచ్చిన రోజున, వాటితో పాటు పదకొండు పేజీల పుస్తకం చేతికి వచ్చింది.

అందులో ఏముందో చెబితే, ఆఫీసు తీసుకోబోయేవారికి ఏమి అడగాలో దానంతటదే తెలుస్తుంది. హాలులో ఆహారం తినరాదు. ప్రతి అంతస్తుకు ఉమ్మడి భోజనశాలలో నలభై అయిదు నిమిషాల వేళ కేటాయిస్తారు, మాకు వచ్చింది పన్నెండుంబావు. ఆ వేళకు ఎవరికీ ఆకలి కాదు. ఘాటైన వాసన వచ్చే పదార్థాలు తేరాదు, అంటే విశాఖలో ఉంటూ చేపల పులుసు తేకూడదన్నమాట. బయటివారు వస్తే ఒక రోజు ముందు పేరు నమోదు చేయించి పాసు తీసుకోవాలి. ఆటోనగర్ నుంచి బండి మీద అంత దూరం వచ్చిన మనిషిని కింద గేటు దగ్గర ముప్పావుగంట నిలబెట్టారు, ఆ తర్వాత ఆయన రావడమే మానేశాడు, వాట్సాప్‌లో ఫొటోలు పంపడం మొదలుపెట్టాడు, ఫొటోలో అంకె తప్పుగా చదివి ఒకసారి ప్లేట్లు తప్పుగా కోసేశారు కూడా. హాలులో కర్పూరం, అగరొత్తులు వెలిగించరాదు. ఈ చివరి నియమాన్ని నేను తప్పుపట్టను, పొగను పసిగట్టే సెన్సార్లు పైకప్పు నిండా ఉన్నాయి; కాకపోతే ఆయుధపూజ నాడు కంప్యూటర్లకు కుంకుమబొట్టు పెట్టి ఊరుకోవలసి వచ్చినప్పుడు మా పాత ఉద్యోగుల మొహాలు చూడాల్సింది.

వీటన్నిటికన్నా గట్టిగా దెబ్బకొట్టింది ఏసీ వేళలు. భవనమంతటికీ ఒకే ఏసీ, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా. ఆపైన కావాలంటే సాయంత్రం నాలుగింటిలోపే కోరాలి, గంటకు 900 రూపాయలు కట్టాలి. కిటికీలు తెరుచుకోవు, తెరిచే ఏర్పాటే లేదు. రోజుకు రెండున్నర గంటలు, నెలకు ఇరవై రెండు రోజులు. దాదాపు యాభై వేలు. పొదుపు చేద్దామని రెండు వారాలు ఏసీ లేకుండా పనిచేసి చూశాము. ఏప్రిల్ నెల, సముద్రపు ఉక్క, కదలని గాలి. క్లయింటుతో మాట్లాడుతున్న అమ్మాయి మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయింది. కరెంటు పోతే జనరేటరు ఉంది కదా అనుకోకండి. జనరేటరు మీద లైట్లు, లిఫ్టులు, కంప్యూటర్లు నడుస్తాయి తప్ప ఏసీ నడవదని ఆ పుస్తకంలోనే తొమ్మిదో పేజీలో రాసి ఉంది.

ఏ సముద్రాన్ని చూసి ఆ స్థలం తీసుకున్నామో, ఆ సముద్రం మాకు మూడు రోజులే కనిపించింది. విశాఖలో సముద్రం తూర్పున ఉంటుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఉదయం ఎండ నీటి మీద పడి, అక్కడి నుంచి అద్దంలోకి, అద్దంలోంచి మానిటర్ల మీదికి కొడుతుంది. సన్నటి గీతలతో పనిచేసేవాళ్లకు పదిన్నర దాకా తెర మీద ఏమీ కనబడలేదు. సొంత డబ్బుతో మందపాటి తెరలు వేయించాము, అవీ నిర్వాహకులు ఒప్పుకున్న రంగులోనే. ఇక సర్వర్ గదికి విడిగా పెట్టుకున్న స్ప్లిట్ ఏసీ, ఉప్పుగాలికి ఎనిమిది నెలల్లోనే బయటి యూనిట్ కాయిల్ తినేసి, గ్యాసు కారిపోయింది. బీచ్ రోడ్డులో ఇల్లున్న ఏ గృహిణిని అడిగినా ఈ సంగతి చెప్పి ఉండేది.

దూరం గురించి కూడా మాకు ఆలోచన రాలేదు, ఎందుకంటే నిర్ణయం తీసుకున్న ముగ్గురికీ కార్లున్నాయి. మా ఉద్యోగుల్లో సగం మంది గాజువాక, కూర్మన్నపాలెం, గోపాలపట్నం వైపు వారు. కూర్మన్నపాలెం నుంచి ఋషికొండకు పాతిక కిలోమీటర్లకు పైనే. ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటి, రెండు బస్సులు మారి రావాలి. రాత్రి తొమ్మిదిన్నరకు పని ముగించిన ఆడపిల్లలను ఇళ్లకు చేర్చడానికి వాహనాలు పెట్టాము, అది ఇంకో ఖర్చు. ఎనిమిది నెలల్లో అయిదుగురు మానేశారు. అందులో ఇద్దరు డ్రాయింగులు సరిచూసే పెద్దవాళ్లు. వాళ్ల చోటు ఇప్పటికీ నిండలేదు.

ఖాళీ చేస్తామన్నప్పుడు లాక్-ఇన్ ముందుకొచ్చింది. ఏడాదికి మించిన లీజును రిజిస్ట్రేషన్ చట్టం, 1908 ప్రకారం తప్పక రిజిస్టరు చేయించాలి, మేమూ చేయించాము. ఆ షరతు నుంచి తప్పించుకునే దారి కనబడటం లేదని న్యాయవాది తేల్చారు. మిగిలిన పది నెలల అద్దె 16,56,000 రూపాయలు కట్టమన్నారు. రెండు నెలలు తిరిగి, బతిమాలి, చివరికి ఆరు నెలల డిపాజిట్టు 9,93,600 రూపాయలు వదులుకుని, మేము కట్టించిన పార్టిషన్లు మా ఖర్చుతోనే పీకించి బయటికొచ్చాము.

కనుక మీరు టోకెన్ అడ్వాన్సు ఇవ్వడానికి ముందే నియమావళి కాపీ తీసుకుని, మీ సంస్థలో ఒక మామూలు రోజును ఉదయం నుంచి రాత్రి దాకా రాసుకుని, ఆ రెండు కాగితాలనూ ఒకేచోట పెట్టి చదవండి. ఎవరెప్పుడు వస్తారు, ఎక్కడ తింటారు, ఎంత గట్టిగా మాట్లాడతారు, చెప్పకుండా వచ్చేవారెవరు, పండుగకు ఏం చేస్తారు అన్నవన్నీ అందులో ఉండాలి. మీ పనికి అడ్డుపడే నియమం ఉంటే మినహాయింపును లీజులోనే రాయించండి. ఎప్పటికప్పుడు అన్న మాటను కొట్టేయించి, ఫలానా తేదీ నాటి నియమావళి అని పెట్టించండి. నోటిమాటగా ఒప్పుకున్న మేనేజరు ఆరు నెలల్లో మారిపోతాడు, మాకు మారిపోయాడు. స్థలం చూడటానికి యజమానులు మాత్రమే వెళ్లకుండా, అందరికంటే దూరం నుంచి వచ్చే ఉద్యోగిని బస్సులోనే రమ్మని, ఆ మనిషి అభిప్రాయం అడగండి. కింద టీ బడ్డీ దగ్గర మిగతా అంతస్తుల వాళ్లతో పావుగంట మాట్లాడితే బ్రోకరు చెప్పనివి తెలుస్తాయి. నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చిన ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు (భవనాన్ని వాడుకోవచ్చన్న అనుమతి పత్రం), కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ బిల్లులో ఉన్న మంజూరైన లోడు ఎలాగూ చూస్తారు.

ఒడ్డున అద్దాల భవనమైతే మరొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో అద్దాలు ఏమయ్యాయో చూసినవాళ్లం. తుఫానుకో అగ్నికో స్థలం పనికిరాకుండా పోతే లీజును రద్దు చేసుకునే వెసులుబాటును ఆస్తి బదిలీ చట్టం, 1882 అద్దెదారుకు ఇస్తోంది, కానీ ఒప్పందంలో వేరుగా రాసుకుంటే ఆ వెసులుబాటు పోతుంది. మా పత్రంలో వేరుగానే రాసి ఉంది. మేము ఉన్నన్నాళ్లూ గట్టి తుఫాను రాకపోవడం మా అదృష్టం.

ఇప్పుడు మేము అక్కయ్యపాలెంలో, కిటికీలు తెరుచుకునే ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉన్నాము. బల్ల మళ్లీ మధ్యలోకి వచ్చింది. ఋషికొండ స్థలాన్ని మళ్లీ అద్దెకు చూపిస్తున్నారని ఈమధ్య తెలిసింది. మేము వేయించిన మందపాటి తెరలు ఇంకా అక్కడే ఉన్నాయట, వచ్చినవారి ముందు వాటిని పైకి లాగి సముద్రం చూపిస్తున్నారట. మిమ్మల్ని సాయంత్రం నాలుగింటికి రమ్మంటే, ఉదయం ఎనిమిదింటికి వస్తామని చెప్పండి.