ఏసీ చల్లదనమా, ఫ్యాను గాలా, మూసిన గది వేడా: వ్యాయామానికి ఏది మేలు?

జిమ్‌లో మాటా మాటా పెరిగిందంటే చాలాసార్లు అది ఏసీ రిమోట్ దగ్గరే. ట్రెడ్‌మిల్ మీద ఇరవై నిమిషాలుగా పరుగెడుతున్న వారు ఏసీని 18కి దించుతారు. అప్పుడే వచ్చి ఒళ్లు సాగదీస్తున్న వారు దాన్ని 26కి పెంచుతారు. మూలన స్క్వాట్లు చేస్తున్న వారు గాలి తమ వీపుకు తగలకుండా ఫ్యానును పక్కకు తిప్పుతారు. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. ఆ క్షణంలో ముగ్గురి ఒళ్లూ చేస్తున్న పని వేరు, పుట్టిస్తున్న వేడి వేరు. ఈ మూడు చోట్లా నేనూ నిలబడ్డాను, మూడు రకాలుగానూ రిమోట్ కోసం చెయ్యి చాచాను. అందుకే ముందు ఆ వేడి లెక్క చూద్దాం.

కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో పనిగా మారేది దాదాపు 20 నుంచి 25 శాతమే. తక్కినదంతా వేడిగా మారుతుంది. వ్యాయామ సైకిల్ తెర మీద 150 వాట్లు కనిపిస్తున్నాయంటే, ఒంట్లో 450 నుంచి 600 వాట్ల వేడి పుడుతోందని అర్థం. ఒక చిన్న గది హీటరు ఇచ్చేంత వేడి అది. దాన్ని బయటికి పంపడానికి ఒంటికి ఉన్న ప్రధానమైన దారి చెమట ఆరడం. ఒక లీటరు చెమట చర్మం మీదే పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని వెంట తీసుకుపోతుంది. గంటసేపు 500 వాట్లంటే 1,800 కిలోజౌళ్లు, అంటే ముప్పావు లీటరు చెమట ఆరాలి. ‘ఆరాలి’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. బొట్లుబొట్లుగా నేల మీద పడిన చెమట ఒంట్లోని నీటిని, ఉప్పును మాత్రమే తీసుకుపోతుంది, వేడిని అక్కడే వదిలేస్తుంది.

ఈ ఒక్క విషయం అర్థమయ్యాక నా దృష్టిలో ఫ్యాను విలువ ఎంతో పెరిగింది. ఆరుబయట పరుగెత్తేవారికి, సైకిల్ తొక్కేవారికి గాలి ఉచితంగా దొరుకుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో సైకిల్ మీద వెళ్తుంటే, గాలి లేని రోజున కూడా అదే వేగంతో గాలి ఎదురొచ్చి ఒంటికి తగులుతుంది. అదే కష్టం గదిలో పడితే ఆ ఎదురుగాలి ఉండదు. చర్మాన్ని అంటిపెట్టుకుని వెచ్చని, తేమ నిండిన గాలి పొర ఒకటి కదలకుండా నిలిచిపోతుంది. ఇక చెమట దేనిలోకి ఆరుతుంది? బయట 22 డిగ్రీల్లో హాయిగా పరుగెత్తిన మనిషి, గదిలో అదే 22 డిగ్రీల్లో ట్రెడ్‌మిల్ ఎక్కగానే ఉడికిపోవడానికి కారణం ఇదే. ఫ్యాను గదిని చల్లబరచదు. నిజానికి దాని మోటారు గదికి కొద్దిగా వేడిని చేరుస్తుంది కూడా. అది చేసేదల్లా ఆ గాలి పొరను చెదరగొట్టి, మనం పోగొట్టుకున్న ఎదురుగాలిని తిరిగి ఇవ్వడం.

కొన్ని వారాల పాటు నేను ఒకే సైకిల్, పెడల్‌కు ఒకే బిగువు, 40 నిమిషాల సమయం పెట్టుకుని, ఒకరోజు ఎదురుగా ఫ్యానుతో, మరోరోజు ఫ్యాను లేకుండా తొక్కి చూశాను. మొదటి పది నిమిషాల్లో ఏ తేడా లేదు. సగం దాటాక ఫ్యాను లేని రోజుల్లో గుండె వేగం మెల్లగా పైకి పాకడం మొదలయ్యేది. కాళ్లు చేసే పని మాత్రం అంతే. వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమట వల్ల రక్తంలోని ద్రవం తగ్గుతుంది. దాంతో ఒక్కో స్పందనలో గుండె పంపగలిగే రక్తం తగ్గి, ఆ లోటు తీర్చడానికి అది ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. గుండె వేగాన్ని బట్టి వ్యాయామ తీవ్రతను నిర్ణయించుకునేవారు దీన్ని తప్పక గమనించాలి. ఉక్కపోతలో కనిపించే ఆ పెద్ద అంకె మీరు ఎక్కువ పని చేశారని చెప్పదు.

ఫ్యాను ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. గది మధ్యలో తిరిగే సీలింగ్ ఫ్యాను గాలి చివరి వరుసలోని ట్రెడ్‌మిల్‌కు అందదు. ఎదురుగా, ఛాతీ ఎత్తులో, ఒకటి రెండు మీటర్ల దూరంలో నిలబెట్టిన స్టాండు ఫ్యాను దానికన్నా ఎంతో మేలు.

అలాగని ఫ్యానుకు హద్దు లేకపోలేదు. చర్మం ఉష్ణోగ్రత సుమారు 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. గది గాలి అంతకు మించి వేడెక్కితే ఫ్యాను మన మీదికి వేడినే తోస్తుంది. చెమట బాగా పడుతున్నంత వరకు దాన్ని ఆరబెట్టడం వల్ల కలిగే లాభం ఆ నష్టాన్ని కొంతమేరకు పూడ్చగలదు. గాలి బాగా పొడిగా, మరీ వేడిగా ఉన్నప్పుడు ఆ లాభమూ ఉండదు, ఎందుకంటే చెమట ఫ్యాను లేకుండానే ఆరిపోతూ ఉంటుంది. 40 డిగ్రీలు దాటాక ఫ్యానును నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అది కదలకుండా కూర్చున్నవారికీ వర్తించే మాట. వ్యాయామం చేసేవారు అంతకన్నా ముందే ఆగాలి.

ఇక ఏసీ. అది చేసే గొప్ప మేలు చల్లదనం కన్నా గాలిలోని తేమను లాగేయడమే అంటాను. తేమ నిండిన గాలిలో ఎంత పెద్ద ఫ్యాను తిరిగినా చెమట సరిగా ఆరదు. వ్యాయామ కేంద్రాల్లో 20 నుంచి 22 డిగ్రీల ఉష్ణోగ్రత, 60 శాతానికి మించని తేమ ఉండాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూచించింది. 1997లో గాలోవే, మాన్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ఈ చర్చలో నాకు చాలా ఇష్టమైనది. ఎనిమిదిమంది పురుషులు నాలుగు వేర్వేరు ఉష్ణోగ్రతల్లో, అలసిపోయి ఆగేదాకా ఒకే తీవ్రతతో సైకిల్ తొక్కారు. సగటున 4 డిగ్రీల్లో 81 నిమిషాలు, 11 డిగ్రీల్లో 93, 21 డిగ్రీల్లో 81, 31 డిగ్రీల్లో దాదాపు 52 నిమిషాలు తొక్కగలిగారు. వేడి వల్ల కలిగిన నష్టం కళ్లకు కడుతోంది. మరీ చలి వల్ల కూడా లాభం తగ్గిందన్నది అంతే ముఖ్యం.

ఇది ఆగకుండా తొక్కేవారి లెక్క. బరువులు ఎత్తేవారికి ఇదే చలి శత్రువవుతుంది. ఒక సెట్టు అర నిమిషం, తర్వాత మూడు నిమిషాల విశ్రాంతి. సగటున పుట్టే వేడి తక్కువ. ఆ విశ్రాంతిలో తడిసిన చొక్కా మీద ఏసీ గాలి నేరుగా కొడితే ఒళ్లు బిగుసుకుంటుంది. కండరం ఒక డిగ్రీ వెచ్చబడితే వేగంగా చేసే కదలికల్లో శక్తి 2 నుంచి 5 శాతం దాకా పెరుగుతుంది. కష్టపడి వార్మప్ చేసి సంపాదించుకున్న ఆ డిగ్రీని గాలికి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పట్టి పైకెత్తడం) చేసేవారికి అరచేతులు పొడిగా ఉండాలి కనుక గది ఉక్కగానూ ఉండకూడదు. గాలి కదలాలి, నేరుగా మీద పడకూడదు.

ఏసీని 16కి దించితే అంతా సర్దుకుంటుందనుకోవడం పొరపాటు. ఒక టన్ను ఏసీ తొలగించగలిగేది 3.5 కిలోవాట్ల వేడి. ఇరవైమంది ఒకేసారి తొక్కుతూ ఒక్కొక్కరు 500 వాట్లు పుట్టిస్తే మొత్తం 10 కిలోవాట్లు. దాదాపు మూడు టన్నుల ఏసీ ఆ ఒళ్ల వేడికే సరిపోతుంది. రిమోట్ మీద అంకె తగ్గినంత మాత్రాన యంత్రానికి లేని బలం రాదు. పైగా గోడకు బిగించే మామూలు ఏసీ గదిలోని గాలినే తిప్పితిప్పి ఇస్తుంది, బయటి గాలిని తీసుకురాదు. కిటికీ తెరవని ఏసీ గదిలో ఊపిరి బరువెక్కడానికి కారణం అదే.

మూడో పక్షం, అంటే మూసిన గది వేడి గురించి ఎక్కువ చెప్పను. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, చెమట ధారలు కారేలా చేస్తే కొవ్వు కరుగుతుందనే నమ్మకం తప్పు. తూకంలో తగ్గిన కిలో నీళ్లు తాగగానే తిరిగి వస్తుంది. పైన చూసినట్టు వేడిలో ముందే అలసిపోతాం, అంటే చేసే పనీ తగ్గుతుంది. వేడి వాతావరణంలో పోటీకి వెళ్లాల్సిన క్రీడాకారులకు మాత్రం ఇందులో నిజమైన ప్రయోజనం ఉంది. పది నుంచి పద్నాలుగు రోజుల్లో ఒళ్లు అలవాటుపడి చెమట త్వరగా మొదలవుతుంది, రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. అది శిక్షకుల పర్యవేక్షణలో క్రమంగా చేయాల్సిన పని. గుండె జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు మందులు వాడేవారు, గర్భిణులు దీని జోలికి వెళ్లకూడదు. కళ్లు తిరిగినా, వికారంగా అనిపించినా ఎవరైనా అక్కడికక్కడే ఆపి చల్లని చోటికి చేరాలి.

నన్ను తీర్పు చెప్పమంటే పరుగుకు, సైకిల్‌కు ఫ్యానుకే నా ఓటు. తేమ ఎక్కువైతే దానికి తోడుగా ఏసీ ఉండాలి. బరువులకు 22 నుంచి 25 డిగ్రీల గది, పక్క నుంచి మెల్లగా కదిలే గాలి చాలు. యోగాకు, ఒళ్లు సాగదీయడానికి ఇంకాస్త వెచ్చదనం ఉన్నా మంచిదే. అందరూ కలిసి వాడే గదిలో ఏసీని 22 దగ్గర ఉంచి, యంత్రాల వరుసకు ఎదురుగా ఫ్యాన్లు పెట్టి, బరువుల మూలను నేరుగా గాలి తగలని వైపుకు మారిస్తే రిమోట్ కోసం పోట్లాట చాలావరకు తగ్గుతుంది.

సైకిల్ ఎక్కిన మొదటి పది నిమిషాలు నేను ఫ్యాను వేయను, ఒంటిని వేడెక్కనిస్తాను. నుదుటి మీద చెమట మొదలవగానే దాన్ని పూర్తి వేగంతో తిప్పుతాను. దిగాక వేగం తగ్గించి, ఊపిరి నెమ్మదించేదాకా దాని ముందే నిలబడి, తర్వాత తడి చొక్కా మార్చుకుని బరువుల వైపు వెళ్తాను.