నల్ల ఫోమ్ ముక్క, తెల్ల గొడుగు: పన్నెండేళ్ల పెళ్లిళ్ల తర్వాత

నేను పని నేర్చుకున్న స్టూడియోలో మా గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఫ్లాష్ వెనక సెట్టింగ్ మార్చేసిగానీ కెమెరా కింద పెట్టేవారు కాదు. ఏ పవర్ మీద తీశారో మా కంట పడకూడదని. అడిగితే "చూస్తా ఉండరా, అదే వచ్చుద్ది" అనేవారు. రెండేళ్లు చూశాను. బ్యాగులు మొయ్యడం మాత్రం బాగా వచ్చింది.

2013లో తెనాలి చుట్టుపక్కల సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకోవడం మొదలెట్టాక నాకు పని నేర్పింది ఊళ్లోవాళ్లు కాదు, అమెరికాలో ఉన్న ఇద్దరు. ఒకరు డేవిడ్ హాబీ. బాల్టిమోర్ సన్ పత్రికలో స్టాఫ్ ఫొటోగ్రాఫర్‌గా ఉంటూనే 2006లో స్ట్రోబిస్ట్ పేరుతో నెట్‌లో పాఠాలు రాయడం మొదలుపెట్టారు. చిన్న ఫ్లాష్‌ను కెమెరా మీంచి దించి ఎలా వాడాలన్నదే ఆ పాఠాల సారం. రెండో ఆయన నీల్ వాన్ నీకెర్క్, దక్షిణాఫ్రికా నుంచి వచ్చి న్యూజెర్సీలో పెళ్లిళ్లు తీసిన ఫొటోగ్రాఫర్. ఫొటో పెట్టి, ఫ్లాష్ ఎటు తిప్పారో, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలన్న అంకె), అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలన్న అంకె) ఎంతో కిందే రాసేసేవారు. ఇంత ఉత్తినే చెప్పేస్తే వీళ్లు తినేదేమిటని మొదట్లో నాకు అనుమానం కూడా వచ్చింది.

ముందు నీల్ గారి నల్ల ఫోమ్ ముక్క సంగతి. పిల్లల క్రాఫ్ట్ పనులకు స్టేషనరీ షాపుల్లో అమ్ముతారే, మెత్తటి ఫోమ్ షీటు, అదే. నల్లది తెచ్చి అరచేయంత ముక్క కోసి, జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండుతో ఫ్లాష్ తలకు ఒక పక్కన కట్టాలి. ఫ్లాష్‌ను మన వెనక్కో, భుజం మీదుగా పక్క గోడ వైపో తిప్పాలి. ఫోమ్ అడ్డం ఉంటుంది కాబట్టి ఫ్లాష్ వెలుతురు మనిషి మీద నేరుగా ఒక్క చుక్క పడదు. గోడకు తగిలి వెనక్కి వచ్చేదే పడుతుంది. ఐఎస్ఓ 1600, అపర్చర్ 2.8, షట్టర్ 1/160 దగ్గర పెట్టి పెళ్లికూతుర్ని చేసేటప్పుడు మొదటిసారి తీశాను. నలుగు పెట్టిన ముఖం మీద ఒక చెంప వెలుగు, రెండో చెంప మెల్లగా నీడలోకి జారుతోంది. పక్కన కిటికీ ఉందేమో అన్నట్టు వచ్చింది. ఆ గదికి కిటికీయే లేదు.

అయితే ఆయన పాఠాలకు మన ఫంక్షన్ హాళ్ల పెయింటర్లతో పరిచయం లేదు. గోడ ఏ రంగో ముఖం కూడా ఆ రంగే. పిస్తా రంగు గోడకు ఫ్లాష్ కొట్టిన ఒక నిశ్చితార్థంలో వియ్యంకులిద్దరూ కామెర్లు వచ్చినవాళ్లలా తేలారు. రా ఫైలు (రంగులు తర్వాత సరిచేసుకోవడానికి వీలుగా కెమెరా దాచే అసలు ఫైలు) ఉంది కాబట్టి రెండు రాత్రులు కూర్చుని బాగుచేశాను. గులాబీ రంగు షామియానా కింద ఇంకా అన్యాయం. ఇంటి ముందు తాటాకు పందిరి వేస్తే వెలుతురు తిరిగి రావడానికి చోటే ఉండదు. అలాంటి చోట ఫోమ్ ముక్క బ్యాగులోంచి తీయకండి.

ఆయన ఎక్కడా చెప్పని గోడ ఒకటి నాకు దొరికింది: అడ్డుతెర. పెళ్లికూతురి ముందు తెల్లటి బట్ట చాచి పట్టుకుని ఉంటారు, అంతకంటే మంచి గోడ ఏం కావాలి? నేను ఆమె వైపు పక్కగా చేరి ఫ్లాష్‌ను తెర వైపు తిప్పుతాను. తలవంచుకున్న ముఖం మీదికి కింది నుంచీ ముందు నుంచీ మెత్తగా వెలుతురు వస్తుంది. బాసికం నీడ కళ్ల మీద పడదు. తెరను పసుపులో ముంచే ఇళ్లు ఉంటాయి, ముందే చూసుకోవాలి. జీలకర్ర బెల్లం పెట్టగానే తెర తీసేస్తారు. ఈలోపు దొరికేవి మహా అయితే ఆరేడు ఫ్రేములు.

ఇక హాబీ గారి గొడుగు. ఫ్లాష్ వెలుతురును మెత్తబరిచే తెల్ల గొడుగు, స్టాండు, దూరంగా ఉన్న ఫ్లాష్‌ను వైరు లేకుండా వెలిగించే రేడియో ట్రిగ్గర్, పవర్‌ను చేత్తో మార్చుకునే ఒక చవక ఫ్లాష్. నిజం చెప్పాలంటే మొదటి ఏడాది ఏడిపించింది. మండపం పక్కన స్టాండు మీద పెట్టి ఇటు తిరిగేసరికి పెడస్టల్ ఫ్యాన్ గాలికి గొడుగు విమానం అయ్యి పురోహితుడి గారి కొబ్బరికాయల మీద వాలింది. ఇసుక సంచి కట్టాలని పాఠంలో ఉంది, చదివి వదిలేసింది నేనే. తర్వాత స్టాండు మానేసి మా లైట్ బాయ్ చేతికి ఇచ్చాను. అక్కడివాళ్లు మనిషి చేత ఫ్లాష్ పట్టించి "మాట వినే లైట్ స్టాండు" అని నవ్వుతాలుకు అంటారు, కొత్త కిటుకులాగా. మన దగ్గర హ్యాలోజన్ లైట్ల కాలం నుంచీ ఆ కుర్రాడు ఉండనే ఉన్నాడు, పేరే సరిగ్గా పెట్టలేదు!

హాబీ గారి దగ్గర నేను నేర్చుకున్న అసలు సంగతి గొడుగు కాదు, దూరం. దూరం రెట్టింపైతే వెలుతురు పావు వంతే మిగులుతుంది. స్కూల్లో చదివినదే, అప్పుడు మార్కుల కోసం. అక్షింతలు వేసి బంధువులు వరసగా నిలబడతారు కదా, గొడుగు నాలుగు అడుగుల్లో ఉంటే ఈ చివర మేనమామ సున్నం కొట్టినట్టు, ఎనిమిది అడుగుల్లో ఉన్న అటు చివర పిన్ని చీకట్లో ఉంటారు. గొడుగును ఇంకో ఎనిమిది అడుగులు వెనక్కి లాగి పవర్ పెంచితే, మేనమామకు పడినదాంట్లో సగానికి పైగా పిన్నికీ అందుతుంది. ఈ ఒక్క లెక్క తెలిశాక గ్రూపు ఫొటోలకు నాకు టెన్షన్ పోయింది.

నారింజ రంగు జెల్ (ఫ్లాష్ ముందు పెట్టే పారదర్శకమైన రంగు షీటు) పాఠం కూడా కొన్నేళ్లు బాగా పనికొచ్చింది. పసుపు బల్బుల హాల్లో ఫ్లాష్‌కు అది తగిలించి కెమెరాను పసుపు బల్బుల కోసం ఉండే టంగ్‌స్టన్ సెట్టింగ్‌లో పెడితే మనుషులు, వెనక హాలు ఒకే రంగులోకి వస్తారు. నేను తెలివిగా షాపు జిలెటిన్ పేపర్ వాడి చూశాను, రస్నా పోసినట్టు వచ్చింది. ఇప్పుడు స్టేజీల మీద ఊదా, గులాబీ ఎల్ఈడీలు వచ్చాక జెల్ సంచిలోనే ఉంటోంది.

తలంబ్రాల విషయంలో మాత్రం ఇద్దరి మాటా వినను. అక్కడ మెత్తటి వెలుతురు వద్దు. ఫ్లాష్ నేరుగా, గట్టిగా పడితేనే గాల్లో ఒక్కో బియ్యపు గింజ ఆగిపోయి కనిపిస్తుంది. మా గురువుగారు అలాగే తీసేవారు. ఆయన ఏ పవర్ మీద తీసేవారో తెలుసుకోవడానికి నాకు నాలుగు పెళ్లిళ్లు పట్టింది: పూర్తి పవర్‌లో పదహారో వంతు, తక్కువ పవర్ కాబట్టి మెరుపు పొట్టిగా ఉండి కదలిక పట్టేస్తుంది.

గొడుగులు ఇప్పటికి ఐదు విరిగాయి. ఫోమ్ షీటు ఒకటి కొంటే ఆరు ముక్కలు వచ్చాయి, మూడోది నడుస్తోంది. నాలుగోది మొన్న మా లైట్ బాయ్ అడిగి తీసుకున్నాడు. వాడికీ పెళ్లిళ్లు రావడం మొదలైంది. పవర్ ఎంత పెట్టాలన్నా అని అడిగితే ఫ్లాష్ వాడి వైపే తిప్పి చూపించాను.