మంచు చరియల ఎయిర్‌బ్యాగ్: మేడ మీద లాగి చూసుకునే సుఖం

స్కీ చేసేటప్పుడు మంచు చరియ విరుచుకుపడితే హ్యాండిల్ లాగాలి, తల వెనక గాలి బుడగ ఉబ్బుతుంది, అలాంటి వీపు బ్యాగు ఇది. ఇందులో నన్ను కట్టిపడేసింది ఒక్కటే. హ్యాండిల్‌ని ఇంటి దగ్గర ఎన్నిసార్లయినా లాగి చూసుకోవచ్చు. గ్యాస్ సిలిండర్ రకమైతే ఒకసారి లాగితే సిలిండర్ ఖాళీ. నెల్లూరులో దాన్ని ఎవరు నింపుతారు? ఇది ఫ్యానుతో ఉబ్బే రకం, ఛార్జింగ్ పెట్టుకుంటే చాలు. అందుకే రోహిణీ కార్తెలో పొద్దు వాలాక మాగుంట లేఅవుట్‌లో మా మేడెక్కి, ఉన్ని గ్లౌజులు తొడుక్కుని మరీ లాగేవాణ్ణి. తల వెనక బుడగ లేస్తుంటే పక్కింటి పిల్లలకి పండగ. మా అమ్మ మాత్రం "ఏందిరా నీ పిచ్చి!" అని కిందికి పోయేది.

ఆ పిచ్చే మొన్న ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో పనికొచ్చింది. గొండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కి, అఫర్వత్ కొండ మీద స్కీ గస్తీవాళ్లు చూసుకునే హద్దు దాటి దిగుతున్నాం. 2023లో ఇద్దరు పోలండ్ స్కీయర్లు చరియ కింద పోయిన కొండ అది. గైడు ఒక్కొక్కరినే వదులుతున్నాడు. రాత్రి గాలి తోసుకొచ్చిన మంచు పైన పలక కట్టి ఉంది. రెండో మలుపు తిరిగానో లేదో, కాళ్ల కింద 'భుమ్' మని అణిగింది. పైన అడ్డంగా చీలిక. నిలబడ్డ చోటే కదిలి కిందికి జారుతోంది. చెయ్యి హ్యాండిల్ మీదికి ఎప్పుడు పోయిందో గుర్తు లేదు, ఫ్యాను రొద మాత్రం విన్నాను. ఆగేసరికి నడుము దాకా మంచు, ఒక స్కీ గల్లంతు, తల బయటే.

చేటలో కుదిపితే నూక అడుక్కి పోయి గింజ పైకొస్తుంది కదా, ఈ బుడగ పని అదే, మనిషిని పెద్ద గింజని చేస్తుంది. అయితే మంచు పారుతున్నంతసేపే ఆ లెక్క. చెట్టుకో బండకో కొట్టుకుంటే, ఇరుకు లోయలో పడి పైనుంచి మంచు పోసుకుంటే ఇదేం చెయ్యలేదు. పైగా నాది చిన్న చరియ. "బ్యాగు లేకున్నా బయటపడేవాడివి భాయ్" అన్నాడు గైడు. కాదనలేను.

తొడల మధ్య పట్టీ చిరాకని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. బుడగ పైకి గుంజినప్పుడు బ్యాగు భుజాల మీంచి ఊడకుండా ఆపింది ఆ పట్టీయే. బుడగని తిరిగి మడతపెట్టడం మాత్రం ఇప్పటికీ నరకమే.

ఏడాదికోసారి గుల్మార్గ్ పోయి, హద్దు లోపలే స్కీ చేసేవాళ్లకి ఇంత ఖరీదు దండగ. హద్దు దాటేవాళ్లయినా ముందు బీకన్ (మంచు కింద ఉన్నవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార కొనుక్కోవాలి, అవి వాడటం నేర్చుకోవాలి. నేనైతే దీన్ని అమ్మను. ఇది లేకుండా మా ఆవిడ నన్ను ఢిల్లీ రైలు కూడా ఎక్కనివ్వదు.