నా సిమ్ ఇంకెవడికో ఇచ్చేశారు: ఎస్ఎంఎస్ ఓటీపీని నమ్ముకున్నవాళ్లు ఒకసారి చదవండి

ఒళ్లు మండుతూనే రాస్తున్నాను, వరస తప్పితే సర్దుకోండి. కంపెనీ పేరు రాయను. మీలో చాలామంది ఫోన్లలో దాని సిమ్మే ఉండి ఉంటుంది.

శనివారం సాయంత్రం సిగ్నల్ పోయింది. టవర్ ప్రాబ్లమ్ అనుకున్నాం. ఇంట్లో వైఫై ఉంది, వాట్సాప్ నడుస్తోంది, ఎవరికీ అనుమానం రాలేదు. ఆదివారం రాత్రి మెయిల్ పాస్‌వర్డ్ మారిపోయింది, ఆ వెంటనే షాపింగ్ యాప్ లాగౌట్ అయిపోయింది. తెల్లారేసరికి వాలెట్‌లో డబ్బూ, పే లేటర్ లిమిటూ ఊడ్చేసి 40 వేల రూపాయల పైచిలుకు విలువైన గిఫ్ట్ కార్డులు కొనేశారు. ఓటీపీలన్నీ కరెక్టుగానే కొట్టారట. కొట్టరా మరి, నంబరే వాళ్ల చేతిలో ఉంటే!

స్టోరుకి పరిగెత్తాను. కౌంటర్‌లో కుర్రాడు తాపీగా, "శనివారం మీరే వచ్చి డూప్లికేట్ సిమ్ తీసుకున్నారు కదా మేడమ్" అన్నాడు. స్క్రీన్ ఇటు తిప్పమన్నాను. ఫారంలో నా పేరు, మా ఇంటి అడ్రసు, అన్నీ నావే. ఫొటో మాత్రం ఎవడో మగాడిది! గళ్ల చొక్కా, పలచటి మీసం, వెనకాల ఆ స్టోరు గోడే. "ఇది నేనా బాబూ?" అన్నాను. స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ స్క్రీన్ చూశాడు. "సిస్టమ్‌లో వెరిఫైడ్ అని ఉంది మేడమ్" అన్నాడు.

సిస్టమ్‌కి నేను మీసంతో కనిపించానన్నమాట.

ఆ ఫారం కాపీ ఇమ్మంటే మేనేజర్ వచ్చి, "ఓటీపీ ఎవరికో చెప్పి ఉంటారు, చదువుకున్నవాళ్లు కూడా ఇలా చేస్తే ఎలా?" అని నాకే క్లాస్ పీకాడు. చెప్పడానికి నా ఫోన్‌కి ఓటీపీ వస్తే కదా మహానుభావా! మీ సిమ్మూ వద్దు, మీ మర్యాదా వద్దు, పోర్ట్ అయిపోతానన్నాను. సిమ్ మారాక 7 రోజుల దాకా పోర్టింగ్ కుదరదట. దొంగలు నంబర్ ఎత్తుకుపోకుండా 2024 జూలై 1 నుంచి టెలికాం కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్ తెచ్చిన రూలు. రూలు మంచిదే. దొంగ పని దొంగ కానిచ్చుకున్నాడు, ఇరుక్కున్నది నేను.

షాపింగ్ యాప్ వాళ్లదీ అదే పాట. రిజిస్టర్డ్ నంబర్‌కి వెళ్లిన ఓటీపీతోనే ఆర్డర్ అయింది కాబట్టి అది నేను పెట్టిందేనట. ఓటీపీ మనిషికి రాదు, నంబర్‌కి వస్తుంది. ఆ నంబర్ ఏ సిమ్‌లో పని చేయాలో తేల్చేది పైన చెప్పిన కుర్రాడు. బ్యాంకులు కూడా ఎస్ఎంఎస్ ఓటీపీ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకుండా వేరే పద్ధతులూ వాడుకునేలా ఆర్‌బీఐ రూల్స్ మార్చింది, 2026 ఏప్రిల్ 1 గడువు పెట్టి. మన షాపింగ్ యాప్‌కి ఆ బుద్ధి ఎప్పుడొస్తుందో.

ఇక మీరు చేయాల్సింది. ముందు మెయిల్ పని చూడండి, మిగతా అకౌంట్ల తాళాలన్నీ అక్కడే ఉంటాయి. సెట్టింగ్స్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్‌కి వెళ్లి అథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్లు ఇచ్చే యాప్) గానీ పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్ తీసినట్టే లాగిన్ అయ్యే పద్ధతి) గానీ పెట్టుకోండి. యాప్ కోడ్ ఫోన్‌లోనే తయారై 30 సెకన్లకోసారి మారుతుంది, సిమ్‌తో పని లేదు. కాకపోతే దొంగ సైట్‌లో మనమే ఆ కోడ్ కొట్టామంటే అదీ పోతుంది. పాస్‌కీకి ఆ భయం కూడా లేదు, అసలు సైట్‌లో తప్ప పని చేయదు. అక్కడే ఇచ్చే బ్యాకప్ కోడ్లు, అంటే అత్యవసరానికి వాడే లాగిన్ కోడ్లు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఫోన్ పోతే అవే దిక్కు. ఇంతా చేసి రికవరీలో, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే అకౌంట్ తిరిగి తెరిచే చోట, ఫోన్ నంబర్ అలాగే వదిలేస్తే మాత్రం ఏం లాభం లేదు, దొంగ అటు నుంచే వస్తాడు. అదీ తీసేయండి.

సిగ్నల్ ఉన్నట్టుండి పోయి గంటయినా రాకపోతే వేరే ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కి చేసి సిమ్ ఎవరైనా మార్చారా అని అడగండి. కొత్త సిమ్‌కి మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రాకుండా ఆపుతారు, మనకున్న టైమ్ అదే. డబ్బులు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి, స్టోరు చుట్టూ తర్వాత తిరగొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకి కోడ్ల యాప్ టెన్షన్ అనిపిస్తే పాస్‌కీ పెట్టివ్వండి, వేలు ఆనిస్తే చాలు.