తకమత్సు కోట: ఉప్పునీటి కందకం చూడ్డానికైనా వెళ్ళాలి

తకమత్సు వెళ్తున్నామని చెప్తే మా ఆఫీసులో ఒకాయన "అక్కడ కోట ఎక్కడుంది, రాతి దిమ్మె తప్ప" అన్నారు. మాట నిజమే. తెన్షు, అంటే కోట నడిమధ్యన ఉండే అంతస్తుల మేడ, శిథిలమైపోయిందని 1884లో పడగొట్టేశారు, ఇప్పుడు దాని కింది రాతికట్టడం ఒక్కటే ఉంది. అయినా జపాన్‌లో నేను చూసిన కోటలన్నింటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

షికోకు దీవిలో, కగవా జిల్లాలో ఉంటుంది. జేఆర్ (జపాన్ రైల్వే) స్టేషన్‌లో దిగి అయిదు నిమిషాలు నడిస్తే గేటు. లోకల్ రైలు కొతొదెన్‌లో వస్తే ఇంకా బాగుంటుంది, చిక్కో స్టేషన్ ప్లాట్‌ఫాం పక్కనే కోట రాతిగోడ ఉంటుంది. టికెట్ మాకు మనిషికి 200 యెన్లు అయింది.

లోపలికి వెళ్ళగానే ఉప్పు వాసన తగిలింది. కందకంలో ఉన్నది సముద్రపు నీళ్ళే. తూము గుండా సెతో సముద్రం నీళ్ళు లోపలికి వస్తాయి, ఆటుపోట్లను బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. మేం వెళ్ళిన వేళకి నీళ్ళు కొంచెం దిగి, గోడ అడుగు రాళ్ళ మీద తడి చార నల్లగా కనబడుతోంది, దాని కిందే చేపలు తిరుగుతున్నాయి. మంచినీటి చేపలు కావు, తై అనే సముద్రపు చేపలు! మా పాప మేత వేయగానే నీళ్ళు ఒక్కసారి ఉడికినట్టు అయ్యాయి. జపాన్‌లో తై శుభానికి గుర్తు, ఇక్కడ దానికి మేత వేస్తే పెద్ద కోరిక తీరుతుందంటారు. ఆ మాటని జపనీస్ లిపిలో రాసేటప్పుడు కూడా తై చేప అక్షరాన్నీ కోట అక్షరాన్నీ అందులో కలిపేశారు, చదివి చెప్తే పాప తెగ సంబరపడింది.

మనకి గోల్కొండలాంటి కొండకోటలు అలవాటు, ఎత్తే రక్షణ. ఇక్కడి ప్రభువు ఇకొమ చికమస 1588లో ఇది మొదలుపెట్టినప్పుడు ఆ పని సముద్రానికి అప్పగించాడు. ఉత్తరాన సముద్రం, మిగతా వైపులా అదే నీటితో కందకాలు. మధ్య కోటలోకి పోవడానికి పైకప్పున్న చెక్క వంతెన ఒక్కటే దారి, దాన్ని తెగ్గొడితే లోపలి భాగం దీవి అయిపోతుంది. వంతెన మీద నిలబడి కిందికి చూస్తే ఆ తెలివి ఏమిటో బాగా అర్థమైంది. ఇమబరి, నకత్సు కోటలతో కలిపి దీన్ని జపాన్ మూడు గొప్ప నీటికోటల్లో ఒకటిగా చెప్తారు.

1642లో, జపాన్‌ని ఏలిన షోగున్ తొకుగవ ఇయెయసు మనవడు మత్సుదైర యొరిషిగె వచ్చాక ఆ వంశమే మెయిజీ కాలం (1868లో మొదలైంది) దాకా పాలించింది. 1676 నాటి త్సుకిమి బురుజు ఇప్పటికీ అలాగే ఉంది, పక్కనే నీటి ద్వారం. పడవ దిగి నేరుగా కోటలోకి నడిచే గుమ్మం అది, నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే. ఒకటే బాధ, ముందున్న సముద్రాన్ని పూడ్చేశారు, ఇప్పుడు ద్వారానికీ రేవుకీ మధ్య రోడ్డు. అలలు ఆ రాళ్ళని తాకుతుంటే ఎలా ఉండేదో ఊహించుకోవాల్సిందే.

1917లో కట్టిన హియుంకకు భవనంలో 142 తతామీ చాపలు పట్టేంత హాలు ఉంది, అది కూడా చూడండి. పడవ షికారు మాత్రం వదలొద్దు. లైఫ్ జాకెట్, తలకి గడ్డి టోపీ ఇచ్చి కూర్చోబెడతారు, చెక్క పడవ తెన్షు దిమ్మె చుట్టూ నెమ్మదిగా పోతుంది. కింద నుంచి చూస్తే ఒక్కో రాయి ఎంత పెద్దదో తెలుస్తుంది, పాప చెయ్యి చాచి నీళ్ళు నాలికకి రాసుకుని "నిజంగానే ఉప్పు నాన్నా" అంది. దిగాక ఆ దిమ్మె పైకి ఎక్కితే ఫెర్రీలు, దీవులు అన్నీ కనిపిస్తాయి.

చలికాలంలో పడవలు తిప్పరు, మార్చి దాటాక పెట్టుకోండి. అమ్మానాన్న జపాన్ వచ్చినప్పుడు వాళ్ళని తీసుకెళ్ళాలని మేం అప్పుడే అనుకున్నాం.